అభయమిచ్చే కొండకు అభయం

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః



శ్రీమన్మహాభారతంలోని అరణ్యపర్వంలో ఒక చిన్న కథ ఉన్నది. నలోపాఖ్యానం, సావిత్ర్యుపాఖ్యానం వంటి ప్రసిద్ధ గాథలున్న పర్వం కావడం చేత, పురాణకాలక్షేపాలలో ఈ కథను చాలాసార్లు దాటిపోతూ ఉంటారు. కాని ఈ కాలానికి మిక్కిలి అవసరమైన ధర్మం ఒకటి అందులో ఇమిడి ఉన్నది. అందుచేత ముందుగా దానిని మనవి చేస్తాను.

పాండవులు ద్వైతవనంలో నివసిస్తున్న రోజులు. ఘోషయాత్ర పేరిట వారిని పరిహసించడానికి వచ్చిన దుర్యోధనుడు గంధర్వుల చేత చిక్కి, ఆ పాండవుల దయవల్లనే విడుదల పొంది, తల వంచుకొని వెళ్లిపోయాడు. అటుపిమ్మట ఒకనాటి రాత్రి ధర్మరాజుకు ఒక స్వప్నం వచ్చింది. కలలో కొన్ని మృగాలు కన్నీరు కారుస్తూ, గజగజ వణుకుతూ ఆయన ఎదుట నిలిచాయి. మీరెవరు, మీకేమి కావలెనని ధర్మరాజు అడిగాడు. తాము ఆ వనంలో చావగా మిగిలిన మృగాలమనీ, మహావీరులైన ఆయన తమ్ముల వేటకు తమ కులాలు తరిగిపోయి, విత్తనానికి ఉంచిన గింజలవలె కొద్దిపాటిగా మిగిలామనీ, ఆయన దయతలచి వేరొక చోటికి తరలివెళ్తే మరల వృద్ధి పొందుతామనీ అవి మొరపెట్టుకొన్నాయి.

ధర్మరాజు మేల్కొన్నాడు. తప్పించుకోదలిస్తే ఆయనకు సమాధానాలు లేకపోలేదు. అది కల మాత్రమే కదా అనవచ్చు. క్షత్రియునికి వేట నిషిద్ధం కాదు కదా అనవచ్చు. మమ్ము ఆశ్రయించిన ఇంతమందికి ఆహారం ఎక్కడినుండి వచ్చునని అడగవచ్చు. ఆయన ఈ మాటలలో ఒక్కటీ అనలేదు. తెల్లవారగానే తమ్ములను పిలిచి, మృగాలు చెప్పినది నిజమే, వాటిపై మనం దయ చూపవలసి ఉన్నదన్నాడు. పరివారమంతటితో ద్వైతవనాన్ని విడిచి కామ్యకవనానికి తరలిపోయాడు.

ఈ కథలో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, నోరులేని ప్రాణి మొర కూడా రాజు వినదగిన మొరయే. రెండవది, ఆ మృగాలు వచ్చినది తమ జాతి పూర్తిగా నశించిన పిమ్మట కాదు. విత్తనం మిగిలి ఉండగానే వచ్చాయి. విత్తనం కూడా పోయిన తరువాత ఎంత దయ కలిగినా ప్రయోజనం లేదు. మూడవది, ధర్మరాజు మృగాలను మరొక చోటికి పొమ్మనలేదు. తానే తప్పుకొన్నాడు. పోవడానికి మనిషికి వేరొక చోటు ఉన్నది, మృగానికి లేదని ఆయన ఎరుగును.

శేషుని శరీరం

అరణ్యపర్వ శేషభాగాన్ని తెలుగు చేసినవాడు ఎర్రాప్రగడ. నృసింహపురాణాన్ని రచించి అహోబిల నాథుని సేవించిన భక్తకవి ఆయన. ఆయన ఉన్న అద్దంకి గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్నది. ఆ గుండ్లకమ్మ పుట్టినది నల్లమల కొండలలో. కంభం చెరువును నింపి, అద్దంకి మీదుగా సాగి, బంగాళాఖాతంలో కలిసే ఆ నీరంతా మొదట నల్లమల అడవిలో కురిసిన వానయే. మృగాల మొర ఉన్న పర్వాన్ని పూరించిన కవి, మృగాలున్న కొండ ఇచ్చిన నీటిని త్రాగినవాడు. ఈ సంబంధాన్ని మనం మరువరాదు.

శ్రీశైలం మొదలుకొని తిరుమల వరకు సాగిన కొండల వరుసను ఆదిశేషుని శరీరంగా మన పెద్దలు దర్శించారు. పడగలపై శ్రీ వేంకటేశ్వరుడు, నడుమ అహోబిల నరసింహుడు, తోకవద్ద శ్రీశైల మల్లికార్జునుడు కొలువై ఉన్నారని సంప్రదాయం. ఇది కేవలం భక్తుల భావన అని కొందరు అనవచ్చు. కాని నేటి వన్యప్రాణి శాస్త్రజ్ఞులు గీసిన పటాన్ని చూసినా అదే రూపం కనబడుతుంది. నల్లమల నుండి లంకమల మీదుగా శేషాచలం దాకా పులి నడిచి పోగల దారి ఉండవలెనని వారంటున్నారు. ఒకచోటనే చిక్కుపడిన పులులు తమలో తామే జతకూడి క్రమంగా బలహీనమవుతాయి. దారి ఉంటేనే కొత్త రక్తం కలుస్తుంది, జాతి నిలుస్తుంది. పెద్దలు శేషుని శరీరమన్నదానిని శాస్త్రజ్ఞులు వన్యప్రాణుల నడవా అంటున్నారు. మాట వేరు, కొండ ఒక్కటే. శరీరాన్ని నడుమ తెంపితే పడగకూ బ్రతుకు లేదు, తోకకూ బ్రతుకు లేదు.

ఈ కొండలలోని అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నాయి. మొదటిది సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలోనూ విస్తీర్ణంలో ఇదే పెద్దది. రెండవది సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. 2022 నాటి లెక్కలలో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు ఉన్నట్లు తేలింది. దేశం మొత్తం మీద 2006లో 1,411గా ఉన్న సంఖ్య 2022 నాటికి 3,682 అయింది. అనగా, మనిషి తప్పుకొని చోటిస్తే మృగాలు వృద్ధి పొందుతాయని ధర్మరాజు నాడు నమ్మినది నేటికీ సత్యమే.

ఖాళీ కొండ అనేది లేదు

కొండను చూసి, అక్కడ ఏమున్నది, ఊరికే పడి ఉన్నది కదా అనే మాట మనం తరచుగా వింటూ ఉంటాము. పంట లేదు, కర్మాగారం లేదు, ఇల్లు లేదు. కనుక అది ఖాళీ స్థలమని భావన. ఈ భావన ఎంత పొరపాటో కొంచెం విచారించుదాము.

ఒక పెద్దపులి జీవించడానికి సంవత్సరానికి సుమారు 50 పెద్ద మృగాలు ఆహారం కావలెను. మంద తరిగిపోకుండా ప్రతి సంవత్సరం 50 ఇవ్వవలెనంటే ఆ మందలో సుమారు 500 ఉండవలెను. ఆ 500 దుప్పులకు, కణుతులకు, అడవిపందులకు మేత కావలెను, వేసవిలో నీటిచెలమ కావలెను, ఎండవేళ వెదురుపొద నీడ కావలెను. మేతకు వాన కావలెను, వాన నిలవడానికి నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప వంటి చెట్ల వేళ్లు పట్టి ఉంచిన మట్టి కావలెను. ఇందులో ఒక్క మెట్టు జారినా పైమెట్టు నిలవదు. ఎలుగుబంటి, రేసుకుక్క, కొండగొర్రె, మూషికజింక, అలుగు, బెట్టుడుత మొదలైనవాటి లెక్క వేరే ఉన్నది. మన కంటికి ఖాళీగా కనబడే కొండలో నిజానికి ఒక్క అడుగు కూడా ఖాళీ లేదు.

ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి నీతి చెబుతూ ఈ విషయాన్నే ఉపమానంగా గ్రహించాడు. కౌరవులు వనం వంటివారనీ, పాండవులు పులుల వంటివారనీ, వనం పులులను కాపాడితే పులులు వనాన్ని కాపాడుతాయనీ, ఒకటి పోతే రెండవది నిలువదనీ హెచ్చరించాడు. పులి తిరిగే అడవిలో గొడ్డలి పట్టుకొని అడుగుపెట్టడానికి మనిషి జంకుతాడు. పులి పోయిననాడు ఆ జంకు పోతుంది. జంకు పోయిననాడు అడవి పోతుంది. ధృతరాష్ట్రుడు విన్నాడు, బాగున్నదన్నాడు, ఆచరించలేదు. దాని ఫలితం మనకు తెలిసినదే.

ఆలస్యం వల్ల కలిగే నష్టానికి మన కడప జిల్లాలోనే ఒక నిదర్శనం ఉన్నది. కలివిపొదలలో తిరిగే కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనబడకపోవడంతో జాతి నశించిందనుకొన్నారు. 1986లో లంకమల ప్రాంతంలో అది మరల దొరికింది. దానికోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. ఒక చిన్న పక్షి కోసం కాలువ దారిని మార్చడం చిన్న విషయం కాదు. అందుకు పూనుకొన్నవారు అభినందనీయులు. కాని ఆ పక్షి అప్పటికే విత్తనం గింజలంత కూడా మిగలలేదు. ఆ తరువాత అది ఎంత వెదకినా సులభంగా కనబడనే లేదు. పులి విషయంలో మనం ఆ స్థితిని తెచ్చుకోరాదు.

ప్రజలు కదిలిన సంవత్సరం

2019లో నల్లమలకు ఒక పరీక్ష వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణ జరపడానికి వచ్చిన ప్రతిపాదనను ఆ సంవత్సరం మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘం సూత్రప్రాయంగా ఆమోదించింది. అందుకోసం 4,000 బోరుగుంటలు వేయవలెనని ప్రతిపాదన. గని కాదు కదా, పరీక్ష మాత్రమే కదా అని కొందరన్నారు. కాని బోరుయంత్రం కొండ ఎక్కవలెనంటే బండి దారి కావలెను. దారి వేయవలెనంటే చెట్టు కొట్టవలెను. యంత్రం మోత విన్న దుప్పి ఆ లోయకు మరల రాదు. దుప్పి రానిచోటికి పులి రాదు. ఖనిజం దొరికిన పిమ్మట, దారి ఎలాగూ పడినది, అడవి ఎలాగూ చెడినది, ఇక తవ్వితే తప్పేమి అన్న ప్రశ్న వస్తుంది. అందుచేత మొదటి బోరుగుంట వద్దనే మాట్లాడవలెను.

ఆ సంవత్సరం ప్రజలు ఆ పనియే చేశారు. మొదట గొంతెత్తినవారు పెంటలలో నివసించే చెంచులు, అమ్రాబాద్ పరిసర గ్రామాలవారు. విద్యార్థులు, రచయితలు, పర్యావరణ కార్యకర్తలు, సినిమా కళాకారులు, భిన్న రాజకీయ పక్షాలవారు క్రమంగా తోడయ్యారు. నల్లమలను రక్షించండి అన్న ఒక్క మాట నగరాలకు చేరింది. చివరకు 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక కొండ కోసం ఇన్ని వర్గాలవారు ఒక్క మాటపై నిలవడం మన కాలంలో అరుదైన విషయం.

అయితే ఇక్కడ ఒక సత్యాన్ని కూడా చెప్పుకోవలెను. తీర్మానం వలన ఖనిజం మాయం కాలేదు. అది నేలలోనే ఉన్నది. దానిపై ఆశ కూడా ఉన్నది. ఈనాడు ఖనిజమైతే రేపు మరొక అవసరం పేరిట అడగవచ్చు. కొండను తవ్వదలచినవాడు ఒక్కసారి గెలిస్తే చాలు. కొండను కాపాడదలచినవాడు ప్రతిసారీ గెలవవలెను. కనుక ప్రజల మేలుకొలుపు ఒకనాటి ఉత్సవం కారాదు, నిత్యదీపం కావలెను.

రెండు సందేహాలు

ఇంతవరకు విన్న పెద్దలకు రెండు సందేహాలు కలుగవచ్చు. అవి న్యాయమైన సందేహాలే.

దేశానికి విద్యుత్తు వద్దా, ఖనిజం వద్దా అన్నది మొదటిది. కావలెను. కాని గృహస్థుడు ఎంత ఇబ్బందిలో ఉన్నా విత్తనాల గాదెలో చేయి పెట్టడు. ఆకలి ఈ సంవత్సరానిది, విత్తనం వచ్చే సంవత్సరాలది. దేశం వైశాల్యంలో పులి నిర్భయంగా తిరుగగల చోటు చాలా స్వల్పం. ఆ స్వల్పమే మన విత్తనపు గాదె. ఇతర మార్గాలన్నీ వెదకకముందే దానిని తెరవడం వివేకం కాదు.

పులికోసం మనిషిని బాధించవచ్చునా అన్నది రెండవది. బాధించరాదు. ముఖ్యంగా చెంచుల విషయంలో మనం ఎంతో జాగ్రత్తగా మాట్లాడవలెను. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ మనకందరికీ ప్రియమైనది. చెంచులు స్వామిని తమ ఇంటి అల్లునిగా భావిస్తారు. శ్రీశైల మల్లన్న కూడా వారికి చెంచు మల్లయ్యయే. స్వామికి అత్తవారైనవారిని అడవికి పరాయివారిగా చూడడం అపచారం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వారి నివాసానికీ, జీవనానికీ హక్కు కల్పించింది. అడవినీ వన్యప్రాణినీ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. వారి సమ్మతి లేకుండా వారిని కదిలించడం చట్టానికీ ధర్మానికీ విరుద్ధం. ఈనాడు నల్లమలలో పులి అడుగుజాడను గుర్తించి, వేటగాని ఉచ్చును కనిపెట్టి, మండువేసవిలో కార్చిచ్చు ఆర్పుతున్న కాపలాదారులలో చెంచు యువకులు అనేకులు ఉన్నారు. 2019లో మొదట మేల్కొన్నవారూ చెంచులే. కొండను కాపాడేవారికి బలం చేకూర్చడమే మన పని, వారి స్థానంలో మనం కూర్చోవడం కాదు.

భక్తుడు చేయవలసినది

ఇక మన సంగతి. పరులను విమర్శించడం సులభం. మనం నల్లమలకు ఏమి చేస్తున్నామో కూడా చూసుకోవలెను. సంవత్సరానికి లక్షలాది భక్తులం ఈ అడవి గుండా శ్రీశైలానికీ, అహోబిలానికీ ప్రయాణం చేస్తున్నాము. చైత్రపూర్ణిమకు సలేశ్వరం లోయలోకి దిగుతున్నాము. వెళ్లేటప్పుడు నోట హరినామం, హరనామం ఉంటాయి. వచ్చేటప్పుడు దారి పొడవునా ప్లాస్టిక్ సీసాలు, సంచులు మిగులుతాయి. వాసనకు ఆశపడి ఆ సంచిని మ్రింగిన దుప్పి మేత అరగక ప్రాణం విడుస్తుంది. ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచించండి.

అందుచేత కొన్ని నియమాలను మనవి చేస్తున్నాను. వీటిని కూడా యాత్రా దీక్షలో భాగంగా స్వీకరించ ప్రార్థన.

మోసుకొని వెళ్లిన ప్రతి వస్తువునూ మరల మోసుకొని రండి. స్వామికి సమర్పించినది తప్ప మరేదీ కొండపై మిగలరాదు.

దారిలో కోతులకు అరటిపండ్లు, రొట్టెలు విసరకండి. అది పుణ్యమని మన భ్రమ. ఆ ఆశతో అవి అడవి విడిచి రోడ్డుపై కూర్చుని చక్రాల క్రింద పడుతున్నాయి. అడవి వాటికి పెట్టే అన్నం అడవిలోనే ఉన్నది.

రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శ్రీశైలం అడవి దారిలో వాహనాలను ఆపుతారు. ఇదేమి నిర్బంధమని తనిఖీద్వారం వద్ద తగవులాడేవారిని చూస్తున్నాము. ఆలయంలో పవళింపుసేవ అయిన తరువాత తలుపులు తెరువుమని మనం అడుగుతామా? రాత్రివేళ అడవి మృగాలకు ఏకాంతం. ఆ తలుపు తట్టకండి.

సలేశ్వరం యాత్రాకాలం ఆకు రాలి ఎండిన కాలం. ఒక్క నిప్పురవ్వ చాలు. అడవిలో పొయ్యి పెట్టకండి, బీడీ చుట్ట కాల్చకండి.

సత్రమో, వసతిగృహమో కట్టించదలచిన దాతలు దానిని కొండదిగువన, ఊరిని ఆనుకొని కట్టించండి. ప్రతి గుహాలయానికీ కారు దారి కావలెనని కోరకండి. నడవలేని వృద్ధుల యెడ దయ చూపవలసినదే. కాని నడవగలవారమంతా వృద్ధుల పేరు చెప్పి దారులు అడుగుతున్నామేమో మనస్సాక్షిని ప్రశ్నించుకోండి. నవనారసింహులలో కొందరు దుర్గమమైన చోట్ల వెలిసి ఉండడానికి ఏదో కారణం ఉండకపోదు.

చివరిది, ముఖ్యమైనది. కొండకు ఆపద వచ్చినదని తెలిసినప్పుడు ఇది రాజకీయమని తప్పుకోకండి. 1976లో మన రాజ్యాంగానికి జరిగిన సవరణ, అడవులనూ వన్యప్రాణులనూ రక్షించడం రాజ్యం బాధ్యత అని 48ఎ అధికరణలో చేర్చింది. ప్రాణులపై దయ కలిగి ఉండడం ప్రతి పౌరుని కర్తవ్యమని 51ఎ అధికరణలో చేర్చింది. భూతదయ మన శాస్త్రాలలో ధర్మం. ఇప్పుడు అది రాజ్యాంగంలో కూడా కర్తవ్యమే. మీ శాసనసభ్యునికి ఉత్తరం వ్రాయండి. మీ గ్రామసభలో లేచి మాట్లాడండి. భజన మండలిలో ఈ విషయం చెప్పండి. పదిమంది కలిసి సంతకం చేసిన మర్యాదపూర్వకమైన విజ్ఞప్తికి ఎంత బలం ఉన్నదో 2019 చూపించింది.

ప్రతి సంవత్సరం కనుమనాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో అహోబిల స్వామి ఆలయంలో ఉండడు. నలభై రోజులకు పైగా పల్లకీలో ఊరూరా తిరిగి, తన పెండ్లికి రమ్మని భక్తులను తానే పిలుస్తాడు. జగత్తుకు ప్రభువైనవాడు ఒక శుభకార్యం కోసం గడపగడపకూ వెళ్లడానికి సంకోచించలేదు. ఆయన కొండ కోసం నాలుగు గడపలు తిరిగి, నలుగురిని పిలవడానికి మనకు సంకోచం దేనికి?

అభయారణ్యమన్న పేరులోనే అభయం ఉన్నది. ప్రహ్లాదునికి అభయమిచ్చిన స్వామి సగం నరుడు, సగం మృగం. ఆ రూపంలో నరుణ్ణి పూజించి మృగాన్ని విడిచిపెట్టడం సాధ్యమా? విడదీస్తే అది నరసింహమే కాదు. తరతరాలుగా మనకు నీడనూ నీటినీ అభయాన్నీ ఇచ్చిన ఆ కొండకు, ఆ కొండనే నమ్ముకొన్న మృగాలకు, ఈనాడు అభయమివ్వవలసిన వంతు మనది. ద్వైతవనంలోని లేళ్లు ధర్మరాజు కలలోకి రావలసి వచ్చింది. నల్లమల దుప్పులు, పులులు మన కలలోకి వచ్చేవరకు ఆగక, మెలకువలోనే వాటి మొర ఆలకించుదాము.

అందుకు తగిన బుద్ధిని, బలాన్ని శ్రీ అహోబిల నరసింహస్వామి, శ్రీ భ్రమరాంబా మల్లికార్జునులు మనకందరికీ అనుగ్రహింతురు గాక!

స్వస్తి.